చేపను పట్టుకుంటారు, మురుగును వదిలేస్తారు

ఎక్కడో గువాహతి మార్కెట్లో చేప వాసన కొడితే ఇక్కడ కైకలూరులో రేటు పడిపోతుంది. పడిన రేటు లేవడానికి నెలలు పడుతుంది. ఈలోగా లీజు గడువు ఆగదు, మేత బాకీ ఆగదు, వడ్డీ అసలే ఆగదు. 2018 జూలైలో ఫార్మలిన్ కనిపించిందని అస్సాం ప్రభుత్వం ఆంధ్రా చేపను 10 రోజులు ఆపేసింది. 2019 జనవరిలో బీహార్ ప్రభుత్వం పాట్నాలో మన చేప అమ్మకాన్ని 15 రోజులు నిషేధించింది. ఆ రెండుసార్లూ పట్టుబడికి వచ్చిన చెరువును ఆపుకోలేక, పట్టిన సరుకు అమ్ముకోలేక నలిగిపోయింది ఎవరో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ సంగతి పాతదైపోయిందని కొందరు అంటున్నారు. మాకలా అనిపించడం లేదు. పోయిన వేసవిలో మన సభ్యుడొకరి చెరువు పట్టారు. రోహు, బొచ్చె కలిపి ఒక లోడు. తెల్లవారుజామున గట్టు మీద కాటా వేస్తున్నప్పుడు చేప ఇంకా తోక కొడుతూనే ఉంది. నాలుగో రోజున అక్కడి నుంచి ఫోను వచ్చింది. మొప్పలు తెల్లబారాయట, పొట్టలు పగిలాయట, సగం రేటుకు కూడా పోలేదట. వ్యాపారి ఆ నష్టాన్ని తన లాభంలో నుంచి తీయలేదు, రైతుకు ఇవ్వాల్సిన డబ్బులో నుంచి తీశాడు. మనవాడు ఒక్కటే అడిగాడు, పరీక్ష చేసిన కాగితం ఏదని. కాగితం లేదు. ఏ ట్రేలో చేప పాడయింది, పైదా కిందదా, ఐసు ఎక్కడ కరిగింది, లారీ ఎన్ని గంటలు ఎక్కడ ఆగింది, దేనికీ సమాధానం లేదు. ఎవరిదో ముక్కు తీర్పు చెప్పింది, మన రైతు జరిమానా కట్టాడు.

అందుకే ఈ నెల ఈ విషయం తీసుకున్నాం. మన చేప గురించి జనంలో ఉన్న భయం పూర్తిగా అబద్ధమని మేము రాయబోవడం లేదు. భయపడాల్సింది ఉంది. అది ఎక్కడ పుడుతోందో అక్కడ వెతకకుండా, చివర్లో చేప తోక పట్టుకుని రైతు దగ్గరికి రావడం మీదనే మా అభ్యంతరం.

ముందు చేప ఎలా చెడుతుందో చూద్దాం. ఆరోగ్యంగా బతికున్న చేప కండలో సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. ఉండేవి మూడు చోట్ల: ఒంటి మీది జిగురులో, మొప్పల్లో, పేగుల్లో. బతికున్నంతసేపూ చేప వాటిని అదుపులో పెట్టుకుంటుంది. ఊపిరి పోయిన క్షణం నుంచి ఆ కాపలా ఉండదు. పేగుల్లోని బ్యాక్టీరియా కండలోకి దారి చేసుకుంటుంది. మన ఎండల్లో అది ఎంత వేగంగా పెరుగుతుందంటే, అనువైన వేడిలో ఈ.కోలి లాంటివి ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. చేపను సున్నా డిగ్రీల దగ్గరికి తీసుకుపోతే ఈ పెరుగుదల బాగా మందగిస్తుంది. పట్టిన వెంటనే సరిపడా ఐసు వేస్తే రోహు దాదాపు రెండు వారాలు తినడానికి పనికొస్తుంది. మరి నాలుగో రోజుకే పొట్ట పగిలిందంటే అది చేప తప్పు కాదు, చెరువు తప్పు అంతకన్నా కాదు.

ఇక్కడ రెండు రకాల చెడును వేరుగా చూడాలి. ఒకటి కుళ్లు. అది కంటికి, ముక్కుకు తెలుస్తుంది. రెండోది సాల్మొనెల్లా, ఈ.కోలి లాంటి రోగకారక క్రిములు. వీటికి వాసన ఉండదు. మిలమిల మెరిసే చేప మీద కూడా ఉండగలవు. ఇవి చేపలో సహజంగా పుట్టేవి కావు, మనిషి మలం నుంచి, పశువుల పేడ నుంచి, కోళ్ల పెంట నుంచి నీళ్లలోకి వచ్చేవి. కాబట్టి మొదట అడగాల్సింది నీళ్ల గురించి.

మన నీళ్లు ఎక్కడివి? బుడమేరు విజయవాడ మీదుగా వచ్చి కొల్లేట్లో కలుస్తుంది. తమ్మిలేరు ఏలూరు మీదుగా వచ్చి కలుస్తుంది. దారిలో పట్టణాలు, పంచాయతీలు వదిలే మురుగు ఆ నీళ్లతోనే వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఇళ్లలోంచి, కాలవల్లోంచి కొట్టుకొచ్చిన ఆ నీరు చివరికి చేరింది కొల్లేటికే. నగరంలో నీళ్లు తీశాక టీవీ వాళ్లు వెళ్లిపోయారు. మన ఊళ్ల వైపు ఆ నీళ్లతో పాటు ఏమొచ్చిందో పరీక్ష చేసి మనకు చెప్పినవాళ్లు లేరు. వరద లేని ఏడాది కూడా వేసవిలో కాలవ కట్టేశాక డ్రైన్లలో మిగిలేది మురుగే. చెరువులో నీళ్లు తగ్గి, చేప నోరు తెరుచుకుని పైకి తేలుతుంటే రైతు ఏం చేస్తాడు? మోటారు పెట్టి ఆ డ్రైను నీళ్లే తోడతాడు. తోడకపోతే తెల్లారేసరికి చెరువంతా తెల్లగా తేలుతుంది.

ఇప్పుడు ఒక విచిత్రం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నదుల, కాలవల నీటిని వాడకాన్ని బట్టి తరగతులుగా విడగొట్టింది. స్నానానికి వాడే నీటిలో 100 మిల్లీలీటర్లకు కోలిఫాంలు 500 మించకూడదంది. శుద్ధి చేసి తాగడానికి తీసుకునే నీటిలో 5000 మించకూడదంది. చేపల పెంపకానికి కేటాయించిన 'డి' తరగతికి ఏం పెట్టింది? ఉదజని సూచిక 6.5 నుంచి 8.5 ఉండాలి, ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, అమ్మోనియా 1.2 మిల్లీగ్రాములు మించకూడదు. అంతే. కోలిఫాంలకు అంకె లేదు. అంటే చేప బతికితే చాలు, ఆ చేప ఒంటి మీద ఏముందో వాళ్లకు పట్టలేదు. అదే చేప బజారుకు వచ్చేసరికి ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిలబడి, 25 గ్రాముల చేపలో సాల్మొనెల్లా కనిపించకూడదంటుంది. కనిపించకూడదు, నిజమే. మేమూ ఆ చేపే తింటున్నాం, మా పిల్లలకూ అదే పెడుతున్నాం. కానీ నీళ్లకు లెక్క లేకుండా చేపకు లెక్క పెట్టడం ఏ న్యాయం? మురుగు వదిలినవాడికి అంకె లేదు, ఆ మురుగులో చేప పెంచుకోవాల్సి వచ్చినవాడికి మాత్రం అంకె ఉంది!

అంకె పెట్టడం సాధ్యం కాదని ఎవరైనా అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లోనే మురుగు కలిసే చేపల చెరువుల్లో 100 మిల్లీలీటర్లకు మల కోలిఫాంలు 1000 మించకుండా చూడాలని సూచించింది. మన చేప తినే కోల్‌కతా వాళ్ల సంగతే చూడండి. ఆ నగరం తూర్పున ఉన్న చిత్తడి నేలల్లో నగరపు మురుగుతోనే తరాలుగా చేపలు పెంచుతున్నారు. కానీ ఆ నీటిని నేరుగా చేప మీదికి వదలరు. లోతు తక్కువ చెరువుల్లో ఎండకు నిలబెట్టి, మడ్డి కిందికి దిగాక వాడతారు. ఆ చిత్తడి నేలలకూ మన కొల్లేటికీ 2002లోనే రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. అక్కడ మురుగును ముందు నిలబెట్టే ఏర్పాటు ఉంది. ఇక్కడ మురుగు వస్తుందని ఒప్పుకునేవాడే లేడు. కొల్లేరు పేరెత్తితే ప్రభుత్వానికి 2006లో గట్లు పేల్చిన సంగతే గుర్తొస్తుంది. చెరువులు కొట్టడానికి యంత్రాలు దొరికాయి, పట్టణాల మురుగు శుద్ధి చేయడానికి మాత్రం ఇన్నేళ్లుగా దొరకడం లేదు.

ఇక ఐసు. ఇది చాలామంది చిన్న విషయం అనుకుంటారు. మా లెక్కలో సగం కథ ఇదే.

మన లాంటి వేడి దేశంలో చేప ఎంత బరువుందో ఐసు అంత బరువు వేయాలన్నది పాత సూత్రం. కిలోకు కిలో. ఇక్కడి నుంచి గువాహతి రెండు వేల కిలోమీటర్ల పైమాటే. మూడు నాలుగు రోజుల ప్రయాణం. దారిలో కరిగినదాన్ని మళ్లీ నింపాలి. లారీ బాడుగ బరువు మీద పోతుంది కాబట్టి ఐసు బరువు వ్యాపారికి దండగ అనిపిస్తుంది. అక్కడ కోత పడుతుంది. ఇన్సులేషన్ లేని లారీ, పైన పరదా, కింద ట్రేలు. కింది వరస చేప పైనుంచి కారిన నెత్తురు నీళ్లలో మునిగి ప్రయాణం చేస్తుంది. అలా వెళ్లినది నాలుగో రోజు ఎలా ఉంటుందో చెప్పడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు.

ఆ ఐసు అయినా ఎలాంటిది? చేపకు వేసే ఐసు తాగడానికి పనికొచ్చే నీళ్లతోనే చేయాలని నిబంధన ఉంది. ప్యాకింగ్ షెడ్డులోకి వెళ్లి చూడండి. దిమ్మలు నేల మీద ఈడ్చుతారు, చెప్పులతో తొక్కిన చోటే సుత్తితో కొడతారు, పారలతో ఎత్తి ట్రేల్లో పోస్తారు. చేపను కడిగేది పక్క కాలవ నీళ్లతో. శుభ్రమైన చెరువులో పెరిగిన చేప కూడా ఈ ఒక్క గంటలో ఈ.కోలిని ఎక్కించుకుంటుంది. ఈ షెడ్లలో ఐసు నీళ్లు పరీక్ష చేసిన అధికారిని చూసినవాళ్లు మన సభ్యుల్లో ఉంటే మాకు రాయండి, వచ్చే సంచికలో వేస్తాం. ఆ కూలీలను మేము తప్పు పట్టడం లేదు. రాత్రంతా నడుం లోతు నీళ్లలో వల లాగి, చేప ముల్లు గుచ్చుకున్న చేతులతోనే ట్రేలు సర్దే మనుషులు వాళ్లు. చేపకు ఎర్రమచ్చలు తెచ్చే ఏరోమోనాస్ బ్యాక్టీరియాయే ఆ గాయంలో చేరితే మనిషి చేతినీ పుండు చేస్తుంది. వాళ్లకు గ్లవుజులు లేవు, చేతులు కడుక్కోవడానికి కుళాయి లేదు. చాలా షెడ్లలో మరుగుదొడ్డి కూడా లేదు. మరుగుదొడ్డి లేని చోట సాల్మొనెల్లా ఎందుకొచ్చిందని ఆశ్చర్యపోవడం నటన.

ఫార్మలిన్ పుట్టింది కూడా ఇక్కడే. ఐసు ఖర్చు మిగుల్చుకోవాలనుకున్నవాడికి బ్యాక్టీరియాను ఆపే అడ్డదారి అది. శవాలను నిలవ చేసే మందు. క్యాన్సర్ తెస్తుందని నిర్ధారణ అయిన పదార్థం. చేప మీద అది చల్లేవాడు ఎవడైనా సరే, వాడిని జైలుకు పంపమనే మేమూ అంటాం. అయితే ఒక్క ప్రశ్న. గట్టు మీద బతికున్న చేపను అదే రోజు అమ్మేసుకునే రైతుకు ఫార్మలిన్‌తో పనేమిటి? నాలుగు రోజులు నిలవ ఉంచాల్సిన అవసరం ఎవరిది? కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఫార్మలిన్‌ను నిమిషాల్లో పట్టే కాగితపు పట్టీల కిట్టును తయారు చేసింది. ఆ కిట్టును గట్టు మీద, షెడ్డులో, లారీ దిగే చోట మూడు చోట్లా వాడితే దొంగ ఎవరో ఒక్కరోజులో తేలిపోతుంది. చివరి చోట మాత్రమే వాడుతున్నారు కాబట్టి రాష్ట్రం పేరు పెట్టి అందరినీ కలిపి దొంగలంటున్నారు.

ఇంతవరకు చదివి తలూపిన మన సభ్యులు ఇప్పుడు కాస్త ఓర్చుకోవాలి. మన ఇంటి సంగతీ రాయాలి కదా.

ఫంగస్ చెరువుల్లో కోడి వ్యర్థాలు వేస్తున్నవాళ్లు మనలో ఉన్నారు. రాత్రిపూట వ్యాన్లలో వచ్చే పేగులు, తలలు, ఈకలు. మేత ధర పెరిగింది, చేప ధర పెరగలేదు, గత్యంతరం లేదంటారు. మేత ధర సంగతి నిజం. కానీ కోడి పేగులు సాల్మొనెల్లాకు పుట్టిల్లు. వాటిని చెరువులో కుమ్మరించి, పక్క రైతు చేప పేరు కూడా చెడగొట్టే హక్కు ఎవరికీ లేదు. చచ్చిన చేపను గట్టు మీద గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చకుండా కాలవలోకి విసిరేసేదీ మనమే. చెరువు అడుగు మడ్డినీళ్లు తూము ఎత్తి డ్రైన్లోకి వదిలేదీ మనమే. కింది రైతు మోటారు పెట్టేది ఆ డ్రైనులోనే. పట్టణం మన మీద మురుగు వదిలిందని అరిచే నోటితోనే ఇది కూడా చెప్పాలి.

మందుల సంగతి ఇంకా ఘోరం. చేప ఒంటి మీద ఎర్రమచ్చ కనబడగానే రైతు పరుగెత్తేది ప్రయోగశాలకు కాదు, మందుల షాపుకు. ఎందుకంటే దగ్గర్లో ఉన్నది అదే. షాపువాడు పంపిన కుర్రాడు చెరువు చూసి చీటీ రాస్తాడు. అతని కమిషను ఆ చీటీలోనే ఉంటుంది. అది బ్యాక్టీరియా జబ్బో, చేప పేను కుట్టిన గాయమో, ఆక్సిజన్ తగ్గి మేత మానిందో చూసేవాడు లేడు. యాంటీబయాటిక్ మేతలో కలుపుతాం. చేప తేరుకుంటే మందు పని చేసిందంటాం, తేరుకోకపోతే రెట్టింపు వేస్తాం. మందు వేశాక ఇన్ని రోజులు పట్టుబడి చేయకూడదన్న గడువు ఉంటుందని ఎంతమందికి చెప్పారు? క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు నిషేధం. కొలిస్టిన్‌ను పశువులు, కోళ్లు, చేపలకు వాడకూడదని 2019లో కేంద్రం ఆపేసింది. ఎందుకంటే మనుషులకు ఏ మందూ పనిచేయనప్పుడు ఆసుపత్రిలో చివరిగా వాడేది అదే. చెరువులో అలవాటు పడిన బ్యాక్టీరియా రేపు మన ఇంట్లోవాళ్ల ఒంట్లోకి వచ్చినప్పుడు ఆ మందుకు లొంగదు. పులుసు మరిగితే క్రిములన్నీ చస్తాయిలే అని కొందరు తేలిగ్గా అంటారు. బాగా ఉడికితే క్రిములు చస్తాయి, నిజం. ఒంట్లో మిగిలిన మందు అవశేషం మాత్రం ఉడికినంత మాత్రాన పూర్తిగా పోదు. పైగా ఉడకకముందే పచ్చి చేప కోసిన కత్తిపీటతోనే ఉల్లిపాయ తరుగుతారు.

ఇక్కడ ఒక పోలిక చెప్పక తప్పదు. పక్క చెరువులో రొయ్య ఉందనుకోండి. పట్టుబడికి ముందే ఎంపెడా ప్రయోగశాలలో దాని నమూనాను నిషేధిత యాంటీబయాటిక్‌ల కోసం పరీక్షిస్తారు, ఫలితం కాగితం మీద వస్తుంది. ఎందుకు? అది యూరప్ వెళ్తుంది, తేడా వస్తే వాళ్లు తిప్పి పంపుతారు. అదే డ్రైను నీళ్లు తాగిన రోహు బెంగాల్, అస్సాం, బీహార్ వెళ్తుంది, ఏలూరు చేపల బజారుకూ వస్తుంది. దానికి అలాంటి పరీక్షా లేదు, కాగితమూ లేదు. డాలరు ఇచ్చేవాడి కడుపుకు ఒక లెక్క, రూపాయి ఇచ్చేవాడి కడుపుకు ఇంకో లెక్కా? లోతట్టు నీటి చేపల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం మాదేనని ప్రతి వేదిక మీదా చెప్పుకునే ప్రభుత్వం, ఆ మొదటి స్థానాన్ని తినే మనిషి గురించి ఒక్క మాట చెప్పదు.

డబ్బు లేదనడానికి వీల్లేదు. 2020లో 20,050 కోట్ల పెట్టుబడితో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన ప్రకటించారు. ఐసు ప్లాంట్లు, ఇన్సులేటెడ్ వాహనాలు, చేపల మార్కెట్లు, వ్యాధి నిర్ధారణ కేంద్రాలు అన్నీ ఆ కాగితంలో ఉన్నాయి. సబ్సిడీకి ముందు సొంత వాటా పెట్టాలి, బ్యాంకు పూచీకత్తు కావాలి. లీజు రైతుకు ఆ రెండూ ఉండవు. కౌలు కాగితమే లేనివాడు ఐసు ప్లాంటు పెడతాడా? మన సహకార సంఘాల పేరున, మండలానికొకటి చొప్పున, పరీక్షించిన నీళ్లతో ఐసు ప్లాంటు పెట్టమని అడుగుతున్నాం. బుడమేరు, తమ్మిలేరు కొల్లేట్లో కలిసే చోట ప్రతి నెలా కోలిఫాం పరీక్ష చేసి ఆ అంకెను పంచాయతీ గోడ మీద రాయమంటున్నాం. పట్టణాల మురుగు శుద్ధి కాకుండా డ్రైన్లోకి వస్తే ఆ పురపాలక సంఘం మీద కేసు పెట్టమంటున్నాం, రైతు మీద పెట్టినంత తొందరగానే. పట్టుబడి రోజున గట్టు మీద చేప నమూనా తీసి, ముద్ర వేసి, ఒక భాగం రైతు చేతికి ఇవ్వమంటున్నాం. ఆ తర్వాత లోడు ఎక్కడ చెడిందని చెప్పినా, రైతు డబ్బులో కోత పడాలంటే ఆ రెండు నమూనాలూ పక్కపక్కన పెట్టాకే పడాలి. మందుల షాపులో పశువైద్యుడి చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మితే షాపు మూయాలి. దీనికి మన సభ్యులే కొందరు అడ్డుపడతారని మాకు తెలుసు. వాళ్లలో షాపు ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. అయినా అడుగుతాం.

మన వైపు నుంచి కోడి వ్యర్థాలు వేసే చెరువు యజమాని ఎవరైనా, ఎంత పాత సభ్యుడైనా, అతని లోడుకు రేటు పడినప్పుడు సంఘం అతని తరఫున మాట్లాడదు. జిల్లా కమిటీ సమావేశంలో దీని మీద గొడవ జరిగింది, రెండు గంటలు జరిగింది. చివరికి తీర్మానం అయింది. పట్టుబడికి ముందురోజు మేత ఆపితే పేగు ఖాళీ అయి చేప ఎక్కువసేపు నిలుస్తుంది. అది ఖర్చు లేని పని, పైగా ఒక రోజు మేత మిగులు. వ్యాపారి కాటాలో బరువు తగ్గుతుందని కొందరు ఆ రోజే ఎక్కువ మేత వేస్తున్నారు. ఆ పేగులోని మేతే లారీలో పొట్ట పగలగొడుతోంది.

ప్రతి గ్రామ కమిటీ ఈ నెలాఖరులోగా ఒక పని చేయాలి. మీ చెరువులకు నీళ్లు వచ్చే కాలవ లేదా డ్రైను పేరు, ఎగువన అందులోకి మురుగు వదిలే తూములు ఎన్ని, ఏ ఊరివి, ఏ వైపున ఉన్నాయి, దగ్గరి ఐసు ఫ్యాక్టరీ నీళ్లు బోరువా కాలవవా, ప్యాకింగ్ షెడ్డులో కుళాయి, మరుగుదొడ్డి ఉన్నాయా లేవా, తెల్లకాగితం మీద రాసి సంతకాలతో ఆఫీసుకు పంపండి. ఫోటోలు ఉంటే ఇంకా మంచిది, తూము పక్కన మనిషిని నిలబెట్టి తీయండి, దాని సైజు తెలుస్తుంది. అన్నీ కలిపి కాలుష్య నియంత్రణ మండలికి, మత్స్యశాఖకు, ఆహార భద్రతా అధికారులకు ఒకే రోజున ఇస్తాం. రసీదు తీసుకునే వస్తాం.